ఎండకన్నెరగని మనిషి

అచ్చాఫీసులో ఆమెను అందరూ గొడుగక్క అంటారు. వాన ఉన్నా లేకపోయినా చేతిలో గొడుగు, మణికట్టు దాకా చేతులున్న చొక్కా, మెడ చుట్టూ గుడ్డ. పుస్తకాలు కుట్టి, జిగురు పూసి అట్టలు వేసే గదిలో, కిటికీకి దూరంగా ఉన్న మూల ఆమెది.

చిన్నప్పుడు తల్లి పదిళ్ళ బట్టలు ఉతికేది. వాటిని మేడ మీద ఆరేయడం కూతురి వంతు. కాసేపు పైన ఉంటే చాలు, సాయంత్రానికి ముఖం కందగడ్డయ్యేది. మర్నాటికి బొబ్బలు.

"పనంటే చాలు, ఎక్కళ్ళేని రోగాలూ వస్తాయి నీకు. ఎండకన్నెరగని మహారాణివి మరి!" అని తల్లి కసిరేది. బడిలో డ్రిల్లు మాస్టారు మొండికేస్తోందని మైదానంలో నిలబెట్టాడు. ఆ తర్వాత ఆమె బడి ముఖం చూడలేదు. నిజంగానే తను పనిదొంగనేమో అని ఆమెకూ అనుమానం ఉండేది.

నలభై దాటాక చెంపల మీద మచ్చలు ముదిరాయి. క్యాన్సరేమోనన్న భయంతో తల్లిని వెంటబెట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్ళింది. చర్మం డాక్టరమ్మ మచ్చల సంగతి వదిలేసి చిన్నప్పటి బొబ్బల గురించి అడిగింది. చేతి మీద చిన్న చర్మం ముక్క తీసి, కణాలను పెంచి పరీక్షించడానికి ల్యాబుకు పంపింది.

ఫలితం వచ్చిన రోజు ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

"క్యాన్సర్ కాదు. ఎండ తగిలితే ఎవరి కణాల్లోనైనా డీఎన్ఏ అక్కడక్కడ దెబ్బతింటుందమ్మా. కణం తన జన్యువులకు ఎప్పుడూ నకళ్ళు తీసుకుంటూ ఉంటుంది. నకలు తీసే యంత్రం ఆ దెబ్బ దగ్గర ఇరుక్కుపోతుంది. అప్పుడు మరమ్మతు చేసేవి అక్కడికే వచ్చి, పాడైన ముక్క కోసేసి కొత్తది వేస్తాయి. నీ కణాల్లో వాటిని రప్పించే ప్రోటీన్ లేదు. యంత్రం అక్కడే ఆగిపోతుంది."

"ముదురుతుందా?"

"ఇదే మరమ్మతులో వేరే ప్రోటీన్ పాడైతే పిల్లలు ఎదగరు, చూపూ వినికిడీ తగ్గుతాయి. నీది ఆ రకం కాదు. ఎండ నుంచి కాపాడుకుంటే చాలు."

"మా ఇంటా వంటా లేదమ్మా ఇలాంటిది," అంది తల్లి.

"మీ దగ్గరా, వాళ్ళ నాన్న దగ్గరా చెడిన జన్యువు చెరొకటి ఉండుంటుంది. జతలో రెండోది మంచిది కాబట్టి మీకు తెలీలేదు. ఈమెకు రెండూ చెడినవే వచ్చాయి."

తర్వాత డాక్టరమ్మ ఇద్దరినీ ల్యాబుకు తీసుకెళ్ళింది.

అక్కడ మైక్రోస్కోపు కింద తన కణాలను చూసింది కూతురు. పొడుగ్గా, పల్చగా ఉన్నాయి. "వీటికి నయం, మేడెక్కే పన్లేదు," అంది. డాక్టరమ్మ నవ్వింది. తల్లి నవ్వలేదు.

తిరుగు బస్సులో ఒక సీటే ఖాళీగా ఉంది, ఎండపడే వైపు. తల్లి అందులో కూర్చోకుండా, కూతుర్ని కూర్చోబెట్టి, తను కిటికీకి అడ్డంగా నిలబడింది.

"కూర్చోవే అమ్మా, మోకాళ్ళు నొప్పులంటావుగా."

"నోర్మూసుకుని కూర్చో. నాకిక్కడ గాలి బావుంది."

కూతురికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. దిగాల్సిన స్టాపు వచ్చేదాకా ఇద్దరూ అలాగే ఉన్నారు.