గోటికి ఊడని బుడిపెలు

వీధిలో అందరికీ ఆయన నారుమావయ్య. పాలిథిన్ కప్పిన షెడ్డులో కూరగాయల నారు పెంచి అమ్మేవాడు. కొనడానికి వచ్చినవాళ్ళు ఆకులు పరిశీలిస్తుంటే ఆయనకు నవ్వొచ్చేది. మొక్కను పెకలించి, మట్టి దులిపి, వేళ్ళు వాళ్ళ ముక్కు దగ్గర పెట్టేవాడు. మా అన్నయ్య మనుషుల్ని కూడా తలకిందులుగా పట్టుకునే చూస్తాడని చెల్లెలు ఆటపట్టించేది.

ఆ చెల్లెలే ఆయన మాట మీద కుట్టుపని మానేసి, ఇంటి వెనక టమాటా షెడ్డు వేసింది. ఆమె కోసం ఆయన తన షెడ్డులో చిక్కుడు మడి పక్కనే నేల మీద నారు పోశాడు. పీకి చూస్తే వేళ్ళ నిండా బుడిపెలు. చిక్కుడు వేళ్ళకుండే బుడిపెలు నేలకు బలమని ఆయనకు తెలుసు. పక్కనున్నందుకు టమాటాకూ ఆ భాగ్యం అబ్బిందనుకుని పొంగిపోయాడు. అలవాటుగా ఒకదాన్ని గోటితో గిల్లాడు. చిక్కుడుదైతే టక్కున ఊడొచ్చేది, ఇది రాలేదు. ఎంత గట్టిగా పట్టుకుందో అని మురిసిపోయి, నారుతో పాటు ఆ మడి మట్టి కూడా ఒక బస్తా పంపాడు.

మొక్కలు ఏపుగా లేవలేదు. మధ్యాహ్నం తలలు వాల్చి, సాయంత్రానికి తేరుకునేవి. నీళ్ళు సరిగ్గా పెట్టడం లేదని ఆయన చెల్లెల్ని కోప్పడ్డాడు. ఆమె ఇంకాస్త పెట్టింది. పూత రాలిపోయింది.

చివరికి తనే ఒక మొక్క పీకి, తడిగుడ్డలో చుట్టి, మొక్కల ఆసుపత్రిలో ఉండే డాక్టరమ్మకు చూపించాడు. ఆవిడ బుడిపెను కోసి, సూక్ష్మదర్శినిలో చూడమంది. లోపల ముత్యంలా తెల్లగా ఒక పురుగు.

"ఇది నులిపురుగండీ. కంటికి ఆనదు. దీని నోట్లో సూదిలాంటి ముల్లుంటుంది. దాంతో వేరులోకి ఎంజైములు వదిలి, కణాల గోడలు కరిగించుకుంటూ లోపలికి పోతుంది. అక్కడ కూర్చుని ఇంకొన్ని రసాలు వదులుతుంది. దాంతో చుట్టూ ఉన్న కణాలు తమ పని మర్చిపోయి, రాక్షసుల్లా ఉబ్బి, దీనికి తిండి పెట్టడమే పనిగా బతుకుతాయి. అందుకే బుడిపె గోటికి ఊడదు. వేరు తానే అలా మారిపోయిందిగా."

ఆయన తన బొటనవేలి గోరు వైపు చూసుకున్నాడు. మట్టిలోకి చేరితే ఏళ్ళ తరబడి పోదని కూడా చెప్పిందావిడ. పంపింది ఒక్క బస్తా మట్టే కదా, ఒకటి రెండు మడులేగా పాడయ్యేది అని దారంతా తనకు తానే సర్దిచెప్పుకుంటూ నడిచాడు.

చెల్లెలు షెడ్డులో ఎండిన మొక్కలు పీకుతోంది. ఆయన నిలబడే అంతా చెప్పాడు. తప్పు నీళ్ళది కాదన్నాడు. ఆమె చేతిలోని మొక్కను తలకిందులు చేసి వేళ్ళు చూసింది.

"నాకు నీళ్ళు పెట్టడం కూడా చేతకాదనుకున్నాను అన్నయ్యా," అంది.

"ఆ బస్తా మట్టి ఏ మడిలో వేశావమ్మా?"

"ఒక మడికేసి ఇంకో మడికి వేయకుండా ఎలా? నువ్వు పంపింది కదా అని షెడ్డంతా సమానంగా చల్లాను."

ఆయన బయటికి వెళ్ళి, కొళాయి కింద చెప్పులకంటిన తన షెడ్డు మట్టిని గోటితో గీకి గీకి కడగసాగాడు.

ఆమె గుమ్మంలోకి వచ్చి చూసింది. "ఇంక కడిగి ఏం లాభం? లోపలికి రా అన్నయ్యా," అంది.

ఆయన తల ఎత్తలేదు. గీకుతూనే ఉన్నాడు.