రాజవ్వ గడప దగ్గర

పెనం మీద జొన్నరొట్టె కాలుతున్నప్పుడు వచ్చే ఆ కాస్త మాడు వాసనకు నాకు రాజవ్వ గుర్తొస్తుంది. సూరత్‌లో మా మోర్మన్ క్రైస్తవ సంఘం అప్పుడప్పుడే మొదలైన రోజులవి. మాకు మందిరం లేదు, జీతం తీసుకునే పాస్టరు లేడు. ఆదివారం ఎవరో ఒకరి ఇంట్లో కూడేవాళ్లం. సంఘం నియమించిన మాలాంటి మామూలు మగవాళ్లే రొట్టెను, నీళ్లను ప్రార్థనతో ఆశీర్వదించి పంచాలి. ఆడవాళ్లు ఆ ప్రార్థన చెప్పే ఆచారం లేదు. కొన్ని ఇళ్ల బాగోగులు కూడా ఒక్కొక్కరికి అప్పగించేవారు. మేముండే అడాజన్‌కు తాపీ నది అవతల, నవాగామ్‌లో ఒంటరిగా ఉండే రాజవ్వ నా వంతుకు వచ్చింది. నిజానికి ఆమే నన్ను చూసుకుంది.

జగిత్యాల వైపు నుంచి మరమగ్గాల పనికి వచ్చిన భర్త పోయాక, ఆమె ఇంట్లో కూర్చుని చీరల దారాలు కత్తిరిస్తూ బతికేది. మా సంఘం నియమం ప్రకారం టీ తాగకూడదు. కొత్తగా చేరిన నేను అది మానలేక ముఖం వేలాడేసుకుంటే నవ్వేది.

"తొల్త మన సంఘపోళ్లు ఉండ జాగ ఎతుక్కుంట, చేతిబండ్లు గుంజుకుంట దినమంతా నడిచేటోళ్లంట. పొద్దూకినంక ప్రార్థన చేసి, పిడేలు వాయించుకుంట ఆడేటోళ్లంట. నువ్వేమో చాయ్ లేదని ఏడుస్తున్నవ్!"

తర్వాత అల్లం, సోంపు మరిగించిన నీళ్లు ఇచ్చేది. భక్తి అంటే ముడుచుకున్న ముఖం కాదని ఆమె దగ్గరే తెలుసుకున్నాను.

కరోనా వచ్చింది. కూడికలు ఆగాయి. ఎవరింట్లో వాళ్లు రొట్టె ఆశీర్వదించుకోమన్నారు. మా ఇంట్లో నేనున్నాను. రాజవ్వ ఇంట్లో ఎవరున్నారు? ఆంక్షలు సడలాక, వెళ్లి ఆమెకు రొట్టె ఇచ్చి రమ్మని పెద్దలు చెప్పారు. నేను ప్రతి ఆదివారం ఫోన్ చేసి, "తాపీ వంతెన మీద పోలీసులు ఆపుతున్నారవ్వా" అనేవాణ్ణి. "మంచిది బిడ్డా, పైలం" అనేది. నా భయం పోలీసులంటే కాదు, ఆ ఇరుకు సందుల్లో వినిపించే దగ్గులంటే.

చివరికి సిగ్గు భరించలేక ఒక ఆదివారం చెప్పకుండా వెళ్లాను. గడప లోపల పీట మీద తెల్లగుడ్డ, దాని మీద జొన్నరొట్టె, గ్లాసులో నీళ్లు కనిపించాయి.

"ఆడనే నిలబడు. మాస్కు తియ్యకు" అంది రాజవ్వ.

"నేనొస్తానని ఎలా తెలిసిందవ్వా?"

"ఏం తెల్వలే. ప్రతి ఐతారం పెడ్తనే ఉన్న. పాట పాడుకొని, ఒట్టి రొట్టె లెక్కనే తింట."

తలెత్తలేకపోయాను. "పోలీసులు లేరవ్వా. భయపడ్డాను."

"ఎర్కే. మా పక్కింటాయన రోజు మీ అడాజన్ దిక్కే కూరగాయల బండి తోల్కపోతడు. ఆయన్ను ఆపనోళ్లు నిన్నాపుతరా?" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "ఇంట్ల చిన్న పిల్లలున్నరు నీకు. ఈ రోగం పోయేదాంక నువ్వు రావద్దనే నేను ప్రార్థన చేసిన."

గడప బయటే మోకరించాను. మా ఆచారం ప్రకారం ఆ ప్రార్థనలో ఒక్క మాట తప్పినా మొదటి నుంచి చెప్పాలి. మధ్యలో నేను ఒక మాట తప్పాను.

"మల్ల శురూ చెయ్యి బిడ్డా, తొందరేం లేదు" అంది.

రాజవ్వ ఇప్పుడు లేదు. జబ్బుపడ్డవాళ్లు ఎవరైనా రమ్మని పిలిచినప్పుడు నాకు ఇంకా భయమేస్తుంది. భయమేస్తోందనే చెబుతాను. చెప్పి, బయలుదేరతాను.