ఏ కంపెనీ డిస్కయినా పట్టే పెట్టె

ఆండర్సన్‌పేటలో మోనికమ్మ జిరాక్సు అంగడి ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. కోలారు బంగారు గనులు మూతబడిన తర్వాత ఆ అంగట్లోనే పన్నెండు వందల కుటుంబాల సర్వీసు కాగితాలు, ఛాతీ ఎక్స్‌రే రిపోర్టులు స్కాను చేసి దాచింది. ఎవరూ పురమాయించలేదు, ఎవరూ జీతమివ్వలేదు. తాముంటున్న గని ఇంటికి హక్కు అడగబోతే అధికారులు "గనిలో పనిచేసినట్టు రుజువేదీ?" అంటారు. ముప్పయ్యేళ్ళు ధూళి మింగిన ఊపిరితిత్తులు రుజువు కావట, కాగితమే కావాలట. ఆ కాగితాలేమో కారే కప్పుల కింద చాలామందికి నానిపోయాయి. వాళ్ళకు మిగిలింది మోనికమ్మ స్కాను చేసి దాచిందే.

అవన్నీ కంప్యూటరుకు తగిలించే రెండు డిస్కుల పెట్టెలో ఉండేవి. ఏది రాసినా రెండింటి మీదా ఒకేసారి పడుతుంది. ఒకటి పోయినా ఇంకొకటి కాపాడుతుంది. సోమవారం ఒకటి పోయింది. మాలూరులో ఉండే మరిది నెల్సన్ తన బెంగుళూరు ఆఫీసులో పక్కన పడేసిన మంచి ఖాళీ డిస్కులు రెండు తెచ్చి, ఒకటి పెడితే, పెట్టె ఎర్రదీపం వెలిగించి కూర్చుంది. తన కంపెనీ డిస్కు తప్ప ముట్టదట. ఆ కంపెనీ ఆ రకం చేయడం మానేసి మూడేళ్ళయింది. పన్నెండు వందల ఇళ్ళు ఒక్క ముసలి డిస్కు మీద వేలాడుతున్నాయి.

మర్నాడే పాత పెట్టెను, ఆ ఖాళీ డిస్కులను సంచిలో పెట్టుకుని ఇద్దరూ కోలారులో మోహన్‌కుమార్ కంప్యూటర్ అంగడికి వెళ్ళారు.

"ఇది తీసుకోండమ్మా, పేరున్న కంపెనీ. డిస్కులు మాత్రం వాళ్ళవే వేయల్ల," అన్నాడు మోహన్‌కుమార్.

"మొగుడు పోతే మరిదినే కట్టుకో అన్నట్టుండాదే! అట్లాటి సంబంధం ఒకటి చేసుకుని ఏడుస్తా ఉండాను. ఏ కంపెనీదైనా పట్టేది యాడుండాది?"

నెల్సన్ దగ్గి వీధి వైపు తిరిగాడు.

మోహన్‌కుమార్ నవ్వి, పైఅరలోంచి నల్ల పెట్టె దించాడు. "ఇదైతే ఏదిచ్చినా తింటాది. రెండు వేరే కంపెనీలయినా సరే. రెండిట్లో చిన్న డిస్కులో ఎంత పడితే అంతే లెక్క. మీ పాత డిస్కు తీసి దీంట్లో పెట్టి, పక్కన కొత్తది పెట్టండమ్మా. ఇంగ అదే కాపీ చేసుకుంటాది."

నెల్సన్ పాత పెట్టె తీయడానికి సంచిలో చెయ్యి పెట్టాడు. మోనికమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. ఆమె తండ్రి ఆస్టిన్ గనిలోకి మనుషులను దింపే ఇనుప బోనును, కేజిని, నడిపిన డ్రైవరు. ప్రతి షిఫ్టుకూ ముందు ఖాళీ కేజి అడుగుదాకా వెళ్ళి రావాల్సిందే. అంతవరకూ ఒక్క మనిషినీ ఎక్కనిచ్చేవాడు కాదు.

"ముందు ఖాళీ డిస్కులు దింపి చూపించప్పా."

"నమ్మకం లేదా అమ్మా?"

"నిన్ను నమ్ముతానప్పా. పెట్టెను నమ్మను."

నెల్సన్ తెచ్చిన రెండు ఖాళీ డిస్కులు, రెండు కంపెనీలవి, లోపలికి వెళ్ళాయి. కంప్యూటరు తెర మీద ఒక వాక్యం వచ్చింది: ఈ రెండు డిస్కుల్లో ఉన్నదంతా చెరిగిపోతుంది, సరేనా?

మోహన్‌కుమార్ మొహం పాలిపోయింది. "అయ్యో... ఇది నాకు తెలీదమ్మా."

మోనికమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. పాత డిస్కు పెట్టి ఉంటే, ఒక్క నొక్కుతో పన్నెండు వందల కుటుంబాలు ఎన్నడూ గనిలో దిగనట్టే అయిపోయేవి. తెర మీది వాక్యం ఇంకోసారి చదివి, "ఖాళీవే గదా, నొక్కు," అంది.

రెండు పచ్చదీపాలు వెలిగాయి. అప్పుడు పాత పెట్టెను దాని వైరుతోనే కంప్యూటరుకు తగిలించి కాపీ మొదలుపెట్టారు. పదకొండు నుంచి మూడున్నర దాకా ఆమె స్టూలు దిగలేదు. కాపీ అయ్యాక సొన్నప్ప అనే గని కార్మికుడి సర్వీసు షీటు తెరిచింది. కొత్త పెట్టెలోంచి ఒక డిస్కు తన చేత్తోనే బయటికి లాగి అదే షీటు మళ్ళీ తెరిచింది. వచ్చింది. సొన్నప్ప పేరు, పనిచేసిన ఏళ్ళు, వేలిముద్ర, అన్నీ ఉన్నాయి.

"బతికినాం నెల్సన్!" అని గట్టిగా నవ్వేసింది. ఇంతమంది చాకిరీకి సాక్ష్యం కాపాడే పని ఒక జిరాక్సు అంగడామె మీద పడటం ప్రభుత్వానికి సిగ్గు. ఆమెకు మాత్రం ఆ పూట సిగ్గూ కోపమూ గుర్తులేవు, ఆకలే గుర్తొచ్చింది.

హోటల్లో ముద్ద కలుపుతూ మరిదితో అంది: "ఇంకో డిస్కు తెచ్చిపెట్టప్పా, ఏ కంపెనీదైనా సరే. ఒక కాపీ మాలూర్లో మీ ఇంట్లో ఉండల్ల. నా అంగడి కాలిపోయినా మనోళ్ళ కాగితాలు మిగలల్ల."