పొయ్యికి సన్మానం

మహారాష్ట్రలోని రాజురా దగ్గర మా ఊళ్లో, సోలార్ ఫ్యాన్ గాలి ఊదితే పత్తికట్టె మండే కొత్త పొయ్యిని మొన్న శనివారం మా వాకిట్లోనే ప్రారంభించారు. ఉపవాసమున్న అత్తమ్మ నైవేద్యమయ్యాకే ముద్ద ముట్టాలి. ఆ పొయ్యి మీద నైవేద్యపు పరమాన్నం సగం ఉడికింది. అప్పుడే ప్రారంభానికొచ్చిన నాయకుడుగారు ఫొటో కోసం సోలార్ పలకకు శాలువా కప్పి, బంతిపూల దండ వేశారు. ఫ్యాన్ ఆగింది. పొగకు అత్తమ్మ ఉక్కిరిబిక్కిరైంది.

"కట్టెలే పచ్చిగున్నయి. మీకు వాడుడు రాదమ్మా," అన్నారు పొయ్యి తెచ్చిన సారు.

అత్తమ్మ దగ్గుతూనే శాలువా లాగేసింది. "సూర్యదేవునికి ముసుగేసి, కట్టెలను తిడుతవేంది బిడ్డా?"

ఫ్యాన్ తిరిగింది, మంట లేచింది.

ఆ పొయ్యినిచ్చినందుకు దేవుడికి రోజూ దండం పెడతాను. సన్మానాలు చేసే ఆ పెద్దలను మాత్రం మళ్లీ మా వాకిట్లోకి పంపొద్దని వేడుకుంటాను.