డోలీ వెనక కొస

మా దవాఖాన బండి మీద పనిచేసిన అక్క బరువు మోయలేక మానేసిందని గద్వాలలో ఇప్పటికీ అంటారు. ఆ మాట పుట్టింది నా నోటనే. అది అబద్ధమని నేనే చెప్పాలి.

నేను రోగుల్ని తెచ్చే ఎద్దుల బండి తోలేవాణ్ణి. రోగుల పక్కన కూర్చుని చూసుకోవడానికి వీపనగండ్ల నుంచి వచ్చిన ఆమెను పెట్టారు. ఇటిక్యాల వైపు వాన పడితే బండి ఊరి బయటే దిగబడేది. రోగిని ఇంటి నుంచి బండి దాకా, కర్రకు కట్టిన డోలీలో మోసుకురావాలి. ముందు కొస నాది, వెనక కొస ఆమెది. వెనక నడిచేవాళ్ళకు కాలి కింద బురద కనబడదు. అయినా తడబడేది నేనే.

"జర నిమ్మలంగ నడువు తమ్మీ, లోపలున్నది జొన్న మూట గాదు" అని చురక వేసేది.

ఆమె జీతం నా జీతంలో సగం. చేనులో ఆడకూలికి కట్టే లెక్కే దవాఖానకూ వచ్చింది. ఆమెకూ నా అంత జీతం ఇమ్మని ఒక యేడు ఇద్దరం కలిసి డాక్టర్ సాబును అడుగుదామనుకున్నాం.

"నేను చెప్తె నమ్మరు. అక్క మోస్తదని నువ్వొక్క మాట చెప్పు, సాలు" అంది.

"చెప్తక్కా" అన్నాను.

డాక్టర్ సాబు ఆమె మాట పూర్తిగా వినకుండానే నావైపు తిరిగాడు. "ఏమోయ్, డోలీ ఎనక ఎవరు పట్టుకుంటున్నరు?"

ఆమెకు పెంచితే నాకు కోస్తారేమోనని భయం. ఆడమనిషితో సమానం జీతమా అని తోటి బండివాళ్ళు నవ్వుతారన్న సిగ్గు అంతకన్నా ఎక్కువ.

"రోగి తరఫువాళ్ళు పట్టుకుంటరు సాబ్. అక్కతోని యాడైతది? ఆమె ఊకె కూసుంటది."

ఆమె నన్ను చూసింది.

తర్వాతి వానకు కాన్పు కష్టమైన ఒకామెను తేవడానికి పోయాం. బండి దిగబడింది. అక్క కదలలేదు.

"దిగక్కా" అన్నాను.

"ఊకె కూసునేదాన్ని గద తమ్మీ. పిలువు, ఆ తరఫువాళ్ళను పిలువు."

ఊరి మొదట్లోనే ఉన్న ఇంట్లోంచి ఆ మనిషి మూలుగు వినబడగానే తనే దిగింది. బండి దాకా వెనక కొస మోసింది. దవాఖాన చేరి రోగిని దించాక, డోలీ మోసేటప్పుడు భుజాన వేసుకునే గుడ్డమెత్త తీసి నా బండి కాడి మీద పెట్టి, తన ఊరికి వెళ్ళిపోయింది.

ఆమె బదులు ఒక మగమనిషిని పెట్టారు. డోలీ మోసే పని గదా అని అతనికి నాతో సమానంగా జీతం కట్టారు. వెనక కొస రోగి తరఫువాళ్ళు పట్టుకుంటారంటివి గదా అని డాక్టర్ సాబు నన్ను అడగనే లేదు.