గుట్టను రెండుసార్లు దంచిన రాజమల్లు సార్

రాజమల్లు సార్ ఇక లేరని సోమవారం పొద్దున షబానా ఫోన్ చేస్తే నమ్మలేకపోయాను. శుక్రవారమే ఆయన ఆసుపత్రి మంచం మీది నుంచి ఫోన్ చేసి, మా పత్రికలో గ్రానైటును లావా అన్నందుకు నాకు చివాట్లు పెట్టారు. "లావా బయటికొచ్చి గడ్డ కడతది. గిది లోపల్నే చల్లారింది. జర తేడా తెల్వాలె తమ్మీ!"

రిటైరయ్యేదాకా కరీంనగర్ కళాశాలలో ఆయన భూగర్భశాస్త్రం చెప్పారు. షబానా ఆయన శిష్యురాలు, ఇప్పుడు అక్కడే అధ్యాపకురాలు.

మన గుట్టల పుట్టుక గురించి ఆయనది ఎప్పుడూ ఒకటే మాట. వందల కోట్ల ఏళ్ల కింద ఒక సముద్రపు అడుగు నేల కిందికి జారింది; దాన్నుంచి ఎగసిన నీటికి పైరాయి కరిగింది; ఆ కరిగిందే చల్లారి గ్రానైటయింది. సాక్ష్యం కోసం క్వారీలన్నీ తిరిగేవారు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను.

"గీ నల్లమచ్చల రాయిని ఎవ్వలు కొనరు సారూ. అవతల పారేసినం," అన్నాడు మేస్త్రీ ఓదెలు.

"పారేసిన కాడికే తీస్కపో. నీకు పనికిరానియే నాతోని మాట్లాడతయ్."

ఆ రాళ్లను ఇంట్లో ఉక్కు రోట్లో దంచి పరీక్షకు పంపారు. క్రోమియం ఎక్కువగా ఉందని తేలింది. ఆ మచ్చలు భూమి లోతుల్లో అలా కరిగిన రాయి నుంచే వచ్చాయనడానికి అదే రుజువని వ్యాసం రాశారు. నేనూ వార్త రాశాను. వ్యాసం చదివిన షబానా ఆయనింటికి వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను.

"దేంట్ల దంచిన్రు సార్?"

"రోట్ల."

"ఏం రోలు?"

సార్ చాయ్ కప్పు కింద పెట్టారు. క్రోమియం ఆ రోటి ఉక్కులోనే ఉంది. "వారీ! నేను గుట్టను ఇడిచిపెట్టి రోలును పరీక్ష చేయించిన!" అంటూ కళ్లనీళ్లు కారేలా నవ్వారు.

ఇక ఆ పొడి చెప్పిన దేన్నీ నమ్మడానికి లేదు. జీవితమంతా చెప్పిన మాట కూలేలా ఉంది. "మన ముగ్గురికే గదా తెల్సు, ఊకుందాం సార్," అన్నాను.

"ఊకుంటవా? మంచిగ మొదటి పేజీల ఎయ్యి!"

తర్వాత జరిగిన శాస్త్రవేత్తల సభలో తన తప్పును తానే చెప్పి, అందరినీ నవ్వించి దిగారు. ఉంగరాల్లో పొదిగే అకీక్ రాతితో చేసిన కల్వం తెప్పించి, కొత్త రాళ్లను నెలల తరబడి మళ్లీ నూరారు.

ఫలితం శనివారం వచ్చింది. నేలకిందికి జారిన సముద్రం వల్ల పుట్టిన రాళ్లలో నియోబియం అనే లోహం తక్కువగా ఉంటుంది. ఆసుపత్రిలో షబానా ఆయన చెవి దగ్గర వంగి చదివింది: "నియోబియం తక్కువనే ఉంది సార్. మీ మాట నిలవడ్డది."

"నిలవడ్డదని ఊకోకు బిడ్డా. అవతలి గుట్ట రాయి తెచ్చి, నా మాట తప్పయితదేమో సూడు."

తమ మాటే నెగ్గాలనుకునే పెద్దలను వృత్తిరీత్యా చాలామందిని చూశాను. తన మాటను ఓడించి రమ్మని శిష్యురాలిని పంపిన పెద్దమనిషిని ఈయన్ని ఒక్కరినే చూశాను.

నిన్న షబానా సుత్తె పట్టుకుని ఆ గుట్టకు వెళ్లింది. వెళ్తూ నన్నడిగింది: "సార్ మాట తప్పని తేల్తే, గా ఖుషీ ఎవ్వలకు చెప్పుకోవాలె అన్నా?"