గట్టు మీద పరిగెలు

మా ఊరి గట్టు మీద ఒక సినిమాకి పాట తీశారు. మండవల్లి దాటి కొల్లేట్లోకి వచ్చే దారిలో మాదే కాస్త ఎత్తయిన గట్టు. నాకు పెళ్ళయిన దగ్గర్నుంచీ అక్కడే పరిగె చేపలు ఎండబెట్టి, ఏలూరు తీసుకెళ్ళి అమ్ముతున్నాను. షూటింగువాళ్ళు చేపలు అడ్డం తియ్యమంటే తీశాను. రెండు రోజులే కదా అనుకున్నాను.

పాట జనానికి ఎక్కింది. ఇక ఆదివారమైతే కార్లే కార్లు. పిట్టల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళు పూర్వమూ ఉండేవారు. దూరంగా నిలబడి చూసి పోయేవారు. వీళ్ళు మాత్రం హీరోయిన్ నిలబడ్డ చోటే నిలబడాలి. అక్కడ నా చేపలుంటాయి.

తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఒక కొత్త పెళ్ళికూతురు ముక్కు మూసుకుని, "మామ్మగారూ, సినిమాలో ఇవి లేవండీ," అంది.

"సినిమాలో వాసనా లేదమ్మా. ఇది ఊరు," అన్నాను.

మొగుడు నవ్వాడు. ఆ పిల్ల నవ్వలేదు.

నా తమ్ముడి కొడుకు గట్టు మొదట్లో టీ కొట్టు పెట్టాడు. ఒక ఆదివారం పొద్దున్నే గంప దింపుతుంటే, కొట్టు పక్కన కొత్త బోర్డు కనబడింది. నేను అక్షరాలు నేర్చింది మనవలు పుట్టాక, రాత్రి బడిలో. కూడబలుక్కుని పైకే చదివాను: "ఇక్కడ చేపలు ఎండబెట్టరాదు."

"ఎవరు పెట్టార్రా ఇది?"

"ఊరంతా అనుకునే పెట్టాం అత్తా."

"ఊరంతానా? నేనేం పొరుగూరిదాన్నా?"

"అది కాదు. దొడ్లో ఆరేసుకోవచ్చుగా. వాసనకి జనం వెళ్ళిపోతున్నారు."

"దొడ్లో ఎండెక్కడుందిరా? పురుగు పడితే నువ్వు తింటావా?"

"కాస్త సర్దుకో అత్తా. నాలుగు టీలు అమ్ముకోనీ."

"అమ్ముకో, నేనొద్దన్నానా? వాళ్ళు ఆదివారం వస్తారు. నాకు సోమవారం కూడా ఆకలేస్తది."

వాడి మీద నాకు కోపం లేదు. వాడికీ పిల్లలున్నారు. కానీ రెండు రోజులకని ఇచ్చిన చోటు ఎప్పటికీ ఇచ్చేసినట్టు కాదు.

బరకం పరిచి, పరిగెలు పల్చగా పోసి, పక్కనే కూర్చున్నాను. కార్లు వచ్చాయి. నేను లేవలేదు. బోర్డు సంగతి విని తమ చేపలు దొడ్లోకి మోసుకుపోయిన ఇద్దరు ఆడవాళ్ళు, ఎండెక్కేసరికి గంపలు తెచ్చి నా పక్కన దింపారు.

కొట్టులోంచి వాడు చూసి, "అత్తా, నడవడానికి దారైనా ఉంచండి!" అని అరిచాడు.

ఉంచాం. ఒక మనిషి పట్టేంత.